జర్కుల్లేని గేమింగ్: మానిటర్‌లో పెద్ద అంకె కంటే చిన్న అంకె ముఖ్యం

బల్లార్షా, రాజురా, సిరోంచ వైపు ఉండేవాళ్లు మానిటర్‌ను కళ్లతో చూసి కొనాలంటే అయితే నాగపూర్ సీతాబర్డీకి పోవాలి, లేదంటే సికింద్రాబాద్ సీటీసీకి రావాలి. ఇంటికి తెచ్చాక నచ్చకపోతే మార్చుకోవడానికి మళ్లీ ఒక రోజు పోతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించినా అంత పెద్ద డబ్బాను వాపసు పంపడం తలనొప్పే. అందుకే ఏం చూసి కొనాలో ముందే తెలిసి ఉండాలి. డబ్బా మీద 144, 165, 180 అని పెద్దగా అచ్చువేసిన అంకెను అందరూ చూస్తారు. ఆట జర్కు కొడుతుందా లేదా అన్నది మాత్రం చాలావరకు ఇంకో చిన్న అంకె మీద ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఇచ్చే బొమ్మల వేగానికి తగ్గట్టు మానిటర్ తన వేగం మార్చుకోవడాన్ని అడాప్టివ్ సింక్ అంటారు. అది పనిచేసే రేంజిలో కింది హద్దే ఆ అంకె. చాలా డబ్బాల మీద దాన్ని రాయనే రాయరు.

మానిటర్ సెకనుకు ఎన్నిసార్లు తెరను కొత్తగా గీస్తుందో అదే రిఫ్రెష్ రేటు. 60 హెర్ట్జ్ అయితే 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి, 144 అయితే 6.9కి, 240 అయితే 4.2కి ఒకసారి గీస్తుంది. 60 నుంచి 144కి మారితే ప్రతి గీతకూ దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. 144 నుంచి 240కి పోతే కలిసొచ్చేది 3 లోపే. మొదటి మార్పు మౌస్ కదిపిన క్షణంలోనే తెలుస్తుంది, రెండోదానికి పెట్టే డబ్బు చాలామందికి గ్రాఫిక్స్ కార్డు మీద పెడితేనే ఎక్కువ ఉపయోగం.

ఇక అసలు గొడవ. మానిటర్ గడియారంలా ఒకే వేగంతో గీస్తుంది, గ్రాఫిక్స్ కార్డు అలా చేయలేదు. ఖాళీ మైదానంలో సెకనుకు 120 ఫ్రేములు (బొమ్మలు) ఇచ్చిన కార్డే పొగ, మంటలు వచ్చేసరికి 70కి పడుతుంది. తెర సగం గీసేసరికి కొత్త ఫ్రేము వచ్చిందంటే పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ కనిపిస్తాయి. దాన్నే టేరింగ్ అంటాం. ఫ్రేములను మానిటర్ గీతతో కలిపి నడిపే వీ-సింక్ సెట్టింగు పెడితే ఈ చీలిక పోతుంది, కానీ కార్డు తర్వాతి గీత కోసం ఆగాల్సి వస్తుంది. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 55 ఫ్రేములు వస్తున్నప్పుడు పాత తరహా వీ-సింక్ ఆటను 30కి దింపేస్తుంది.

ఫ్రేములు సరిపడా ఉన్నా జర్కు ఎందుకొస్తుందో చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ మీద వీ-సింక్‌తో సరిగ్గా 100 ఫ్రేములు వస్తున్నాయనుకోండి. కార్డు ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒక ఫ్రేము ఇస్తోంది, మానిటరేమో 6.9కి ఒకసారి గీస్తోంది. దాంతో ఒక ఫ్రేము 6.9 మిల్లీసెకన్లు నిలుస్తుంది, ఇంకోటి 13.9 నిలుస్తుంది. మీటరు 100 చూపిస్తున్నా కంటికి కుదుపు తగిలేది ఈ ఎగుడుదిగుడు వల్లే. అడాప్టివ్ సింక్‌తో మానిటర్ తన గడియారం పక్కనపెట్టి, ఫ్రేము రాగానే గీస్తుంది. ప్రతి ఫ్రేమూ 10 మిల్లీసెకన్లే నిలుస్తుంది.

గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా 2013లో జీ-సింక్ పేరుతో దీన్ని ప్రకటించినప్పుడు మానిటర్‌లో ప్రత్యేక మాడ్యూల్ ఉండాల్సి వచ్చేది. 2014లో అడాప్టివ్ సింక్, మానిటర్‌ను కంప్యూటర్‌కు కలిపే డిస్‌ప్లేపోర్ట్ 1.2ఎ ప్రమాణంలో చేరింది, ఇంకో కార్డుల కంపెనీ ఏఎండీ తెచ్చిన ఫ్రీసింక్ దాని మీదే నిలబడింది. 2019 జనవరి నుంచి జీటీఎక్స్ 10 సిరీస్, ఆ తర్వాతి ఎన్విడియా కార్డులు కూడా ఫ్రీసింక్ మానిటర్లతో పనిచేస్తున్నాయి. జీటీఎక్స్ 900 సిరీస్ సెకండ్‌హ్యాండ్ కార్డుకు ఆ వీలు లేదు.

ఇప్పుడు ఆ కింది అంకె. రేంజి 48-144 అనుకుందాం. ఫ్రేములు 40కి పడితే మానిటర్ ప్రతి ఫ్రేమునూ రెండేసిసార్లు గీసి 80 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, కంటికి తేడా తెలీదు. దీన్ని ఎల్‌ఎఫ్‌సీ అంటారు. రేంజి 48-75 అయితే 40కి రెట్టింపు 80, అది 75 దాటిపోతోంది కాబట్టి ఆ పని కుదరదు. ఫ్రేములు 48 దిగగానే చీలికలో, కుదుపులో తిరిగొస్తాయి. గుర్తు చాలా సులువు: పై అంకె కింది అంకెకు కనీసం రెట్టింపు ఉండాలి. ఎల్‌ఎఫ్‌సీ లేని 75 హెర్ట్జ్ ఫ్రీసింక్ మానిటర్‌ను గేమింగ్ పేరుతో అమ్మితే తీసుకోవద్దు. ఫ్రేములు తగ్గినప్పుడే దీని అవసరం, సరిగ్గా అప్పుడే అది చేతులెత్తేస్తుంది. రేంజి ఎంతో కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాల్లో వెతకండి.

మీ కార్డు ఎంత ఇస్తుందో కూడా ముందే కొలవండి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో సగటుతో పాటు ‘1 శాతం లో’ (1% low, అన్నిటికంటే నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) అనేది కూడా ఆన్ చేసి, మీరు ఎక్కువగా ఆడే ఆటను అరగంట ఆడండి. సగటు 90 ఉండి 1 శాతం లో 50 ఉంటే 48-144 మానిటర్ చక్కగా సరిపోతుంది. 1 శాతం లో 20 దగ్గరుంటే ముందు ర్యామ్ చూడండి. 16 జీబీది ఒకే స్టిక్కు ఉన్నచోట 8 జీబీవి రెండు పెడితే కుదుపులు తగ్గుతాయి. విడిగా కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకు ఈ తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది.

మానిటర్ వచ్చాక సెట్టింగులు ఈ వరుసలో చేయండి. పాత కేబుల్ తీసేసి, డబ్బాలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టండి. దాన్ని మదర్‌బోర్డు పోర్టుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డు పోర్టుకే తగిలించండి. జీటీఎక్స్ 10 సిరీస్ కార్డులకు అడాప్టివ్ సింక్ డిస్‌ప్లేపోర్ట్ మీదే వస్తుంది. ఆర్‌ఎక్స్ 580 లాంటి ఏఎండీ కార్డులకైతే మానిటర్ ఒప్పుకుంటే హెచ్‌డీఎంఐ మీద కూడా వస్తుంది. మధ్యలో కన్వర్టర్ పెట్టారా, సాధారణంగా అది పోయినట్టే. తర్వాత మానిటర్ బటన్లతో మెనూలోకి వెళ్లి ఫ్రీసింక్ లేదా అడాప్టివ్ సింక్ ఆన్ చేయండి. చాలా మానిటర్లలో కొత్తలో అది ఆఫ్‌లో ఉంటుంది.

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి 144 ఎంచుకోండి. ఈ మెట్టు మరిచిపోయి 144 హెర్ట్జ్ మానిటర్‌ను నెలల తరబడి 60లో వాడేవాళ్లు ఎంతోమంది. ఆ తర్వాత ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సెటప్ జీ-సింక్ ఆన్ చేయండి. మేనేజ్ 3డీ సెట్టింగ్స్‌లో వీ-సింక్ ఆన్, మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 141 పెట్టండి. ఆటలోపలి వీ-సింక్ మాత్రం ఆఫ్ చేయాలి. ఏఎండీలో అయితే అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్ డిస్‌ప్లే పేజీలో ఫ్రీసింక్ ఆన్ చేసి, ఫ్రేముల హద్దు ఆటలోనే పెట్టుకోవచ్చు. 144 వదిలి 141 ఎందుకంటే, ఫ్రేములు పై హద్దును తాకితే మళ్లీ వీ-సింక్ చేతికి పోయి మౌస్ ఆలస్యమవుతుంది. మూడు తగ్గించి పెడితే రేంజి లోపలే ఉంటాం.

పనిచేస్తోందో లేదో మానిటర్‌నే అడగండి. మెనూలో రిఫ్రెష్ రేటు చూపించే అంకె ఆట ఆడుతుంటే పైకీ కిందికీ కదలాలి. 144 దగ్గరే కదలకుండా నిలబడితే సింక్ ఆన్ కాలేదన్నమాట. దుకాణానికి గేమింగ్ ల్యాప్‌టాప్ పట్టుకెళ్లగలిగితే ఈ పరీక్ష అక్కడే చేసి బిల్లు వేయించుకోండి.

వీఏ రకం ప్యానెల్ (తెర) ఉన్న కొన్ని మానిటర్లలో సింక్ ఆన్‌లో ఉంటే చీకటి సీన్లలో, లోడింగ్ తెరల్లో వెలుతురు మిణుకుమిణుకుమంటుంది. ఫ్రేములు 48 దగ్గర అటూ ఇటూ ఊగుతున్నప్పుడు అది ఎక్కువ. గ్రాఫిక్స్ నాణ్యత ఒక మెట్టు దించి ఫ్రేములను 60 పైన ఉంచితే చాలావరకు తగ్గుతుంది. కదిలే బొమ్మల వెనక తెల్లటి నీడ కనిపిస్తే మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్‌ను (పిక్సెళ్లు త్వరగా రంగు మారేలా చేసే సెట్టింగు) మధ్య మెట్టుకు దించండి. పై మెట్టు 144 దగ్గర బాగున్నా, 60 దగ్గర హద్దు మీరుతుంది. తెర ఒక క్షణం నల్లబడి మళ్లీ వస్తే కరెంటును తిట్టేముందు కేబుల్ మార్చి చూడండి. అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే మామూలు హెచ్చుతగ్గులను అది తట్టుకుంటుంది.

చంద్రపూర్ ఎండలో ఇంకో చిక్కుంది. మే నెలలో బయట 45 దాటితే గదిలో కార్డు చల్లబడే దారి ఉండదు. చాలా ఎన్విడియా కార్డులు 83 డిగ్రీల చుట్టుపక్కలకు రాగానే వేగం తగ్గించుకుంటాయి, జనవరిలో 120 ఇచ్చిన ఆట మే మధ్యాహ్నం అంతకంటే తక్కువే ఇస్తుంది. అప్పుడు హద్దు 141 నుంచి 90కి దించండి. సింక్ ఉంది కాబట్టి 90 కూడా నిలకడగా కనిపిస్తుంది, కార్డు వేడీ తగ్గుతుంది. బొగ్గు గనుల దగ్గర ఊళ్లలో నల్లటి సన్న దుమ్ము ఫిల్టర్లను త్వరగా మూసేస్తుంది కాబట్టి ఎండాకాలం పదిహేను రోజులకోసారి ఫిల్టరు, ఫ్యాన్లు దులపండి. కూలర్ గాలి తడి గాలి, దాన్ని నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పొద్దు.

కొన్ని జర్కులకు మానిటర్‌తో సంబంధమే లేదు. ఎదుటి ఆటగాడు ఉన్నచోట మాయమై ఇంకోచోట తేలితే అది నెట్ ఆలస్యం (పింగ్). కొత్త డ్రైవర్ వేసిన తర్వాత మొదటి కొన్ని నిమిషాలు ఆట ఆగి ఆగి నడిస్తే షేడర్లు (బొమ్మ గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) తయారవుతున్నాయి, కాసేపట్లో సర్దుకుంటుంది. ఒక ఫ్రేముకే 50 మిల్లీసెకన్లు పడితే ఏ సింకూ దాన్ని దాచలేదు.