గొంతునొప్పే కదా అని వదలొద్దు

జూన్‌లో బడులు తెరుస్తారు, వెనకే వానలు. విజయవాడ వన్‌టౌన్ కొండ మీద ఒక్క గదిలో అయిదారుగురు సర్దుకునే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు తరగతిలో మళ్లీ భుజాలు రాసుకుంటూ కూర్చుంటారు. గొంతునొప్పి ఒకరి నుంచి ఒకరికి పాకే కాలమిది. అందుకే తోటి టీచర్లకీ, అమ్మానాన్నలకీ ముందే చెబుతున్నాను.

ముక్కు కారుతూ, దగ్గుతూ వచ్చే గొంతునొప్పి చాలావరకు వైరస్‌దే, దానంతటదే పోతుంది. దగ్గూ జలుబూ లేకుండా ఉన్నట్టుండి జ్వరం వచ్చి, గుటక పడక, ఎర్రగా వాచిన టాన్సిల్స్ మీద తెల్లని మచ్చలుంటే, దవడ కింద గడ్డలు ముట్టుకుంటే నొప్పెడుతుంటే ఆ రోజే డాక్టరుకు చూపించండి. అది స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా కావచ్చు. దాన్ని వదిలేస్తే రెండు మూడు వారాలకు కొందరు పిల్లల్లో కీళ్లనీ గుండెనీ పట్టే రుమాటిక్ జ్వరం వస్తుంది. 5 నుంచి 15 ఏళ్ల వాళ్లలోనే ఎక్కువ. కీళ్ల వాపు తగ్గిపోతుంది గానీ, గుండె కవాటం దెబ్బతింటే అది జీవితాంతం ఉండిపోవచ్చు.

గొంతునొప్పి మొదలైన 9 రోజుల్లోపు పెన్సిలిన్ మొదలుపెడితే ఈ ముప్పును చాలావరకు ఆపొచ్చు. బిళ్లలైతే సాధారణంగా 10 రోజుల కోర్సు. మూడో రోజుకి జ్వరం దిగుతుంది, పిల్ల ఆటలో పడుతుంది, మందు మూలన పడుతుంది. చిక్కంతా అక్కడే. మెడికల్ షాపులో అడిగి మూడు రోజులకు తెచ్చుకునే బిళ్లలు ఇందుకు చాలవు. క్లాస్ టీచర్లు హాజరుపట్టీలో ఆ పిల్ల పేరు పక్కన పదో రోజు తేదీ రాసుకుని, రోజూ ఒక్కమాట అడగండి.

ఒక ఏడాది నా తరగతిలో ఓ పాప చేతిరాత ఉన్నట్టుండి పాడైంది. పెన్సిల్ జారిపోయేది, ముఖం వంకర్లు పోయేది. అల్లరనుకుని మందలించాను. అది రుమాటిక్ జ్వరం వల్ల చేతులూ ముఖమూ అదుపు తప్పి కదిలే కొరియా అనే జబ్బని తర్వాత తెలిసింది. ఆ బాధ నాకింకా పోలేదు. అలాంటి పిల్లనీ, ఇవాళ మోకాలు రేపు చీలమండ అంటూ కుంటే పిల్లాణ్నీ, మెట్లెక్కితే ఆయాసపడేవాణ్నీ తిట్టకుండా ఆసుపత్రికి పంపండి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు సర్కారు బడులకు వస్తాయి. వాళ్లు వెతికే జబ్బుల్లో రుమాటిక్ గుండెజబ్బు కూడా ఉంది. ఆ రోజు పిల్లల్ని బడి మాన్పించొద్దు.

ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ పడాలి, ఏళ్ల తరబడి. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. ఏ మందైనా ఒంటికి పడక అలర్జీ ఎప్పుడైనా వచ్చి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, వేసవి సెలవుల్లో ఇంజెక్షన్ తేదీ తప్పుతుంటుంది. క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. బడి మారుతుంటే టీసీతో పాటు చివరి ఇంజెక్షన్ తేదీ రాసిన చీటీ కూడా కొత్త టీచరు చేతికివ్వండి.