పాత దల్లా తోమే ముందు చింతపండు పక్కన పెట్టండి

గద్ద ముక్కులాంటి కొమ్ముతో ఉండే అరబ్బుల కాఫీ పాత్రే దల్లా, ఎమిరేట్స్ 1 దిర్హామ్ నాణెం మీద ఉండే బొమ్మ కూడా ఇదే. గల్ఫ్ నుంచి తెచ్చి షోకేసులో పెట్టుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

తోమాక గులాబీ మచ్చలు పడ్డాయా? పులుపు ఎక్కువసేపు ఉంటే ఇత్తడిలోని జింకు కరిగిపోయి అక్కడ రాగి రంగు తేలుతుంది. నేను ఈ తప్పు చేశాను, దసరా ముందు పూజ సామానుతో పాటు దల్లాకీ చింతపండు పట్టించి రాత్రంతా వదిలేశాను, పొద్దున చూస్తే మూత అంచు చుట్టూ రూపాయి బిళ్లంత మచ్చలు. పోయిన జింకు తిరిగి రాదు, మచ్చ పోవాలని అరగదీస్తే నగిషీ, చేసినవాళ్ల ముద్ర కూడా పోతాయి, అందుకే అలాగే ఉంచేశాను. ఇప్పుడు గోరువెచ్చటి నీళ్లు, ఒక్క చుక్క సబ్బు, మెత్తటి గుడ్డ, అంతే. వెంటనే తుడిచి పూర్తిగా ఆరబెడతాను.

పచ్చటి చిలుము? తడి వల్ల. చెక్క పుల్లతో మెల్లగా గీకి, ఆరాక పలచగా మైనం రాయండి. అమ్మోనియా ఉన్న పాలిష్ మాత్రం వద్దు, ఇత్తడి పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది. గోధుమ రంగు వయసుతో వచ్చిన అందం, దాని జోలికి పోకండి.

లోపల పసుపుగానో ఎర్రగానో కనిపిస్తోందా? కళాయి, అంటే లోపలి తగరం పూత, అరిగింది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, ఖాళీ పాత్రను పొయ్యి మీద పెడితే పూత పోయినట్టే. కాఫీ తాగాలనుంటే మళ్లీ కళాయి పెట్టించాలి, అలంకారానికే అయితే కదిలించకండి.

కొమ్ములో పీచు ఇరుక్కుందా? చెత్త అనుకుని లాగేయకండి! కాఫీ పొడి, ఏలకుల పలుకులు ఫింజాన్‌లో, అంటే చిన్న కాఫీ కప్పులో, పడకుండా ఖర్జూరపు చెట్టు పీచు కుక్కేవారు. ఆ దల్లాలో నిజంగా కాఫీ కాచారనడానికి నాకు అంతకంటే ముచ్చటైన గుర్తు లేదు.

మూత ఊగుతోందా? బందు మేకు అరిగి ఉంటుంది. జిగురు పోయకుండా కొత్త ఇత్తడి మేకు వేయించండి.

కొన్న దల్లా అంతా ఒకేలా నల్లగా ఉందా? రసాయనం పూసి పాతదానిలా చేసి ఉండొచ్చు. ఏళ్లు వాడినదైతే పిడి, మూత బొడిపె చేతిరాపిడికి నునుపు తేలి మెరుస్తాయి, నలుపు నగిషీ గీతల్లోనే నిలుస్తుంది. అయస్కాంతం కూడా పెట్టి చూడండి, అంటుకుంటే అది ఇత్తడి పూసిన ఇనుము.