పెరటి కోడి గురక పెడుతుంటే, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే

కోడి ఆయాసపడుతోందని చెప్పగానే మందుల షాపులో ఒక యాంటీబయాటిక్ పొట్లం చేతిలో పెడతారు. అది పనిచేసేది బ్యాక్టీరియా, వాటిలోనే ఒక రకమైన మైకోప్లాస్మా తెచ్చే జబ్బుల మీదే. ఎండ వేడి, గూట్లో అమ్మోనియా ఘాటు, బూజు, కొక్కెర తెగులు (రాణికెట్ అనే వైరస్ జబ్బు), మేతసంచి బిగుసుకుపోవడం, వీటిలో దేనికీ అది మందు కాదు. అందుకే ముందు కారణం పట్టుకోవాలి. టార్చిలైటు, కాస్త దూది, సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజి ఉంటే చాలావరకు ఇంట్లోనే తేలిపోతుంది.

మొదట ఎండ సంగతి తేల్చండి. బెజవాడ, గుంటూరుల్లో రోహిణి కార్తె మధ్యాహ్నం ఏ కోడైనా నోరు తెరిచే ఉంటుంది. కోడికి చెమట పట్టదు, నోటి తడి ఆరడమే దానికి చల్లదనం. వేడికి వగర్చే కోడి రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుంటుంది, గొంతులో చప్పుడు ఉండదు, ముక్కు పొడిగా ఉంటుంది. నీడకు చేర్చి, చల్లటి నీళ్లు పెట్టి, కాళ్లు తడిపితే అరగంటలో నెమ్మదిస్తుంది. ఐసు నీళ్లలో మాత్రం ముంచొద్దు, ఆ దెబ్బకే పోతాయి. తెల్లవారుజామున చల్లటి వేళ కూడా నోరు తెరిచే ఉంటే, మెడ చాచి గాలి లాగుతుంటే, అది జబ్బే. తురాయి నీలంగా మారిందంటే ఇక ఇంట్లో ఆగకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పట్టుకునేటప్పుడు వెల్లకిలా తిప్పకండి. ఆయాసంలో ఉన్న కోడిని వీపు మీద పడుకోబెడితే ఊపిరి ఇంకా బిగుస్తుంది. రొమ్ము నొక్కకుండా, రెండు రెక్కలూ ఒంటికి ఆనించి, నిలువుగా పట్టుకోండి. ఇంకొకరు ముక్కు రెండు వేళ్లతో తెరిచి టార్చి వేయాలి. నాలుక వెనక చిన్న నిలువు చీలిక కనిపిస్తుంది, ఊపిరితో పాటు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. అదే గాలిగొట్టం నోరు. దాని చుట్టూ పసుపచ్చని పెచ్చు కట్టి ఉంటే తడి మశూచి (నోట్లో, గొంతులో వచ్చే కోళ్ల మశూచి) కావచ్చు. గోటితో పీకకండి, నెత్తురు వచ్చి ఆ గొట్టంలోకే దిగుతుంది. నెత్తుటి చీమిడి ఉంటే గాలిగొట్టానికి పట్టే వైరస్ జబ్బును అనుమానించాలి. ఎరుపు రంగు సన్నటి పురుగులు కనిపిస్తే నట్టల మందు కావాలి. గింజో తొక్కో అడ్డుపడి ఉంటే చిన్న చిమటాతో తీయొచ్చు.

ఇంకో చేత్తో మెడ కింద మేతసంచి తడిమి చూడండి. రాత్రి నిండిన సంచి పొద్దున్నే ఖాళీగా ఉండాలి. రాయిలా గట్టిగా ఉన్నా, నీళ్ల తిత్తిలా ఊగుతూ పుల్లటి వాసన కొట్టినా, ఆయాసానికి మూలం అక్కడే ఉండొచ్చు. అలాంటి కోడికి నీళ్లు బలవంతంగా పోయకండి. పొట్ట కిందుగా వేలాడి నీళ్లు నిండినట్టున్నా, గుడ్డు అడ్డుపడి ముక్కుతున్నా కోడి వగరుస్తుంది. దానికి గురక మందు దండగ.

ఇవేవీ కాకపోతే ఆ కోడిని వేరు చేయండి. గాలి ఆడే నీడలో అట్టపెట్టె, అడుగున పాత పేపర్లు. ఊక వేయొద్దు, దాని దుమ్మే సగం బాధ. ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలిపి ఒక రోజు పెట్టండి, పక్కనే మామూలు నీళ్లూ ఉంచండి. తాగలేకపోతే సిరంజితో ముక్కు అంచున చుక్కచుక్కగా వదలండి, మింగాకే తర్వాతి చుక్క. నాలుక మీదుగా పోస్తే నేరుగా ఆ చీలికలోకే దిగుతుంది. మందు పోస్తుండగానే కోడి చనిపోయింది అనే కేసుల్లో తరచూ జరిగేది ఇదే. ముక్కు రంధ్రాలు మూసుకుపోయి ఉంటే సెలైన్ తడిపిన దూదితో తుడిచి, పైనుంచి కిందికి మెల్లగా నొక్కండి. వచ్చిన చీమిడి రంగు, వాసన గుర్తుపెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే.

రాత్రి తొమ్మిది దాటాక, కోళ్లు సద్దుమణిగాక, గూటి దగ్గర నిలబడి వినండి. పగలు వినపడని గుర్రు అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. మేత తింటూనే రోజుల తరబడి గురక పెడుతూ, కంటి మూల నురగ కడుతుంటే అది సీఆర్‌డీ, అంటే మైకోప్లాస్మా తెచ్చే దీర్ఘకాలిక శ్వాస జబ్బు, మనవాళ్లు గురక రోగం అనేది దీన్నే. కంటి కింద ముఖం ఉబ్బి, చీమిడి దుర్వాసన కొడితే కొరైజా అనే బ్యాక్టీరియా జబ్బు. నాలుగు కోళ్లు ఒకేసారి మునగదీసుకుని, ఆకుపచ్చ రెట్ట వేసి, కొన్నిటికి మెడ మెలి తిరిగితే కొక్కెర తెగులు. చప్పుడు లేకుండా కోడిపిల్లలు నోరు తెరిచి చచ్చిపోతుంటే, అడుగున పరిచిన గడ్డికో, తడిసిన నూకలకో, వేరుశనగ చెక్కకో బూజు పట్టిందేమో చూడండి. ఆ బూజు ఊపిరితిత్తుల్లో మొలిస్తే యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు.

సీఆర్‌డీకి డాక్టర్లు రాసేవి సాధారణంగా టైలోసిన్, డాక్సీసైక్లిన్, ఎన్రోఫ్లోక్సాసిన్‌లలో ఒకటి. తప్పు జరిగేది కొలతలో. ఉదాహరణకు 10 శాతం ఎన్రోఫ్లోక్సాసిన్ ద్రావణంలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు రాస్తే, కిలోన్నర కోడికి 0.15 మిల్లీలీటరు, 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో 6 గీతలు. చెంచాతో అంచనా వేసి పోయకండి. గుడ్లు పెట్టే పెట్టకు ఈ మందు వద్దు, అది పెట్ట అని ముందే చెప్పండి. ఏ మందైనా రాసిన రోజులన్నీ వాడాలి, గుడ్లూ మాంసమూ ఎన్నాళ్లు తినకూడదో చీటీ మీదే రాయించుకోండి. ఇంకో సంగతి: గుంటూరు వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. డాక్సీసైక్లిన్, ఎన్రోఫ్లోక్సాసిన్ రెండూ ఆ సున్నంతో ముడిపడి ఒంటికి పట్టవు. మందు కలపడానికి క్యాను నీళ్లు వాడండి, ఆ రోజుల్లో గవ్వపొడి ఆపండి. నయమైనట్టు కనిపించినా సీఆర్‌డీ క్రిమి కోడిలో ఉండిపోతుంది, కొత్తగా తెచ్చిన కోళ్లకు అంటించగలదు.

సాంబ్రాణి, వేపాకు పొగ, కిరసనాయిలు చుక్కలు, ముక్కుకు జండూబామ్: అన్నీ మానండి. పసుపో వెల్లుల్లో మేతలో కలిపితే నష్టం లేదు, కానీ దాన్ని నమ్ముకుని మూడు రోజులు పోగొట్టుకోవద్దు. కళ్లాల్లోనో డాబా మీదో మిర్చి ఎండబోసే రోజుల్లో ఆ దుమ్ము గాలివాటున గూట్లోకి పోకుండా చూసుకోండి.

గూడు ఘాటు పరీక్ష తెల్లవారుజామున చేయాలి, తలుపు తీయగానే కోడి ఎత్తుకు వంగి. మీ కళ్లు మండితే వాటికి రాత్రంతా అదే గాలి. తడిసిన ఊకంతా ఎత్తి పారేసి, నేల ఆరాక, రెండంగుళాల పొడి ఊక వేయండి. తడి ఊక మీద సున్నం చల్లితే అమ్మోనియా ఇంకా రేగుతుంది, చాలామంది చేసేది సరిగ్గా అదే. రాత్రి చలిగాలి అని గోనెసంచులతో నాలుగు వైపులా బిగించొద్దు, పైభాగం తెరిచే ఉంచండి.

ఒకటి రెండు రోజుల్లోనే కోళ్లు వరసగా రాలిపోతుంటే, తలలు వాచి కాళ్లూ తురాయీ నీలంగా మారుతుంటే, వైద్యం ఆలోచన మానేయండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ తేలింది. బెజవాడ, గుంటూరు వాళ్లకు అదేం దూరం కాదు. చచ్చినవాటిని కోయొద్దు, అమ్మొద్దు, బందరు కాలవలో పడేయొద్దు. చేతికి తొడుగు, ముక్కుకు మాస్కు లేకుండా ముట్టుకోకుండా, దగ్గరి పశువుల ఆసుపత్రికో, పశువైద్య హెల్ప్‌లైన్ 1962కో ఫోన్ చేయండి. మామూలు జబ్బుల పరీక్షకు గన్నవరం పశువైద్య కళాశాల ఉంది.

కొక్కెర తెగులుకు టీకా ఒక్కటే దారి. పిల్ల వయసు ఐదు నుంచి ఏడో రోజు మధ్య లసోటా అనే టీకా కంట్లో ఒక చుక్క, నాలుగో వారంలో మళ్లీ, ఎనిమిదో వారంలో ఆర్2బీ అనే టీకా రెక్క కింద చర్మంలో 0.5 మిల్లీలీటరు. దానికి వారం ముందు నట్టల మందు. గురక పెడుతున్న కోడికి టీకా వేయకండి. సీసాను షాపు నుంచి ఐసు డబ్బాలోనే తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. సీసాలో వంద డోసులుంటాయి, మీకు ఎనిమిది కోళ్లే ఉంటాయి, అందుకే వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ కలిసి ఒకే రోజు వేయించుకోవడం మేలు. సంక్రాంతికి పందెం పుంజులు ఊళ్లు తిరగడం మొదలవకముందే, నవంబరులోనే ఆ పని కానివ్వండి. బరి నుంచి తిరిగొచ్చిన పుంజును మూడు వారాలు విడిగా గంప కింద మూసి, మేత వేసేటప్పుడు దాని వంతు ఆఖరున పెట్టుకోండి.