పురుగుమందుల అవశేషాల పరీక్ష: తొలకరికి ముందే చూసుకోవాల్సినవి

పత్తి, మిరప చేల మట్టిలోనో, పక్క బావిలోనో చెరువులోనో మందు అవశేషాలు తేల్చాలంటే నమూనా రెండుసార్లు తీయాలి. తొలకరికి ముందు ఒకసారి, మందు కొట్టాక పెద్ద వాన పడి చేలోంచి నీళ్లు పారుతున్నప్పుడు మరోసారి. మొదటిది లేకుంటే రెండో ఫలితం ఈ ఏటి మందుదో, పాతదో చెప్పలేం.

బయల్దేరే ముందు ల్యాబ్‌కు ఫోన్ చేయండి. ఏయే మందులు చూస్తారు, ఒక్కొక్కటి కనీసం ఎంత ఉంటే కొలవగలరు, వాటికి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యతను చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని అడగండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం లీటరుకు మిథైల్ పారాథియాన్ 0.3, ఫోరేట్ 2, క్లోర్‌పైరిఫాస్ 30 మైక్రోగ్రాములు మించకూడదు. 1 మైక్రోగ్రాము కంటే తక్కువ కొలవలేని ల్యాబ్ మిథైల్ పారాథియాన్ ‘కనపడలేదు’ అని రాసిస్తే ఆ కాగితంతో పనిలేదు. ఇమిడాక్లోప్రిడ్ ఆ ప్రమాణంలోని మందుల పట్టికలోనే లేదు, కావాలంటే విడిగా అడగాలి. మందు విరిగి మారే రూపాలనూ జాబితాలో చేర్పించండి: ఎండోసల్ఫాన్ సల్ఫేట్, ఫోరేట్ సల్ఫోన్, ఫిప్రోనిల్ సల్ఫోన్, డీడీఈ (డీడీటీ విరిగితే వచ్చేది). అసలు మందు మాయమైనా ఇవి మిగిలి ఉంటాయి.

నీటికి లీటరు పట్టే ముదురు గోధుమరంగు గాజు సీసా, టెఫ్లాన్ పొర ఉన్న మూత కావాలి. ల్యాబ్ శుభ్రం చేసిచ్చిన సీసాను ఆ నీళ్లతో తొలవకండి. తొలిస్తే క్లోర్‌పైరిఫాస్ లాంటివి గాజు గోడకు అంటుకుని లెక్క పెరుగుతుంది. గ్లైఫోసేట్, పారాక్వాట్ అయితే గాజు పనికిరాదు, ప్లాస్టిక్ సీసా వాడాలి. ఈ రెండూ మామూలు బహుళ మందుల పరీక్షలో దొరకవు, వాటి పద్ధతులు వేరు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే లీటరుకు సుమారు 80 మిల్లీగ్రాముల సోడియం థయోసల్ఫేట్ వేయాలి, లేకపోతే దారిలోనే కొన్ని మందులు విరిగిపోతాయి. బోరు నీళ్లను కాసేపు పారనిచ్చి, ట్యాంకులోకి వెళ్లకముందే పట్టండి. బురదగా ఉన్నాయని వడకట్టకండి. క్లోర్‌పైరిఫాస్ ఎక్కువగా ఆ ఒండ్రునే పట్టుకుని ఉంటుంది. బాగా కరిగే ఇమిడాక్లోప్రిడ్ మాత్రం నీళ్లతోనే పోతుంది.

మట్టికి ఎరువుల పరీక్ష అలవాటే పెద్ద చిక్కు. ఆరబెట్టి, పొడి చేసి, పాత యూరియా సంచిలో కట్టి పంపుతారు. ఆరబెడితే ఆవిరయ్యే మందులు పోతాయి, సంచిలో ఏముండేదో ఎవరికి తెలుసు! 15–20 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు స్టీలు పరికరంతో తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు వదిలేస్తూ అరకిలోకు తగ్గించి, గాజు జాడీలో పెట్టండి. తేమ శాతాన్ని ల్యాబ్ విడిగా చూసి, ఫలితాన్ని పొడి మట్టి బరువుకు లెక్కగడుతుంది.

ఆ రోజు మందు కొట్టినవాళ్లు నమూనా తీయకూడదు. దోమల మందు పూసుకున్న చేతులూ వద్దు. చోటు మారినప్పుడల్లా నైట్రైల్ గ్లౌజులు మార్చండి. ల్యాబ్ ఇచ్చిన శుద్ధజలం సీసా ఒకటి పొలం దగ్గర తెరిచి, మూసి, తిరిగి పంపండి. అందులోనూ మందు కనబడితే కలుషితం మన చేతుల్లోంచో, సీసాలోంచో వచ్చినట్టే.

సీసాలు ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉండాలి. నీటి నమూనాలోంచి మందును ల్యాబ్ వారంలోపు ద్రావణి (సాల్వెంట్)లోకి లాగాలి. మట్టి ఆలస్యమైతే మైనస్ 20 డిగ్రీల్లో ఉంచాలి. కార్బోఫ్యూరాన్ లాంటి కార్బమేట్ రకం మందులు క్షార నీళ్లలో త్వరగా విరుగుతాయి కాబట్టి ఆమ్లం కలిపిన సీసా ముందే అడిగి తీసుకోండి.

మట్టిలోంచి మందును ద్రావణిలోకి లాగడానికి ల్యాబ్‌లో ఎక్కువగా వాడేది క్వెచర్స్ పద్ధతి. 10 గ్రాముల మట్టిని నీళ్లతో నానబెట్టి, 10 మిల్లీలీటర్ల ఎసిటోనైట్రైల్ ద్రావణి పోసి, 4 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, 1 గ్రాము ఉప్పు వేసి కుదుపుతారు. సల్ఫేట్ నీళ్లు తగలగానే వేడెక్కుతుంది, గొట్టాన్ని ఐసులో పెట్టకపోతే సున్నితమైన మందులు దెబ్బతింటాయి. శుద్ధి చేసే పీఎస్ఏ పొడి 2,4-డి లాంటి ఆమ్ల మందులను, కార్బన్ పొడి క్లోరోథలోనిల్‌ను మింగేస్తాయి. ఆ మందులే మీకు కావాలంటే ముందే చెప్పండి. మందులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రం ఇన్లెట్ (నమూనా లోపలికి పోయే చోటు) మురికిపడితే డీడీటీ అక్కడే విరిగి డీడీఈ, డీడీడీగా కనబడుతుంది.

నివేదిక చేతికొచ్చాక రికవరీ శాతం (తెలిసినంత మందు కలిపి పరీక్షిస్తే అందులో ఎంత తిరిగి దొరికిందో) చూడండి. 70 నుంచి 120 మధ్య లేకుంటే, లేదా అసలు రాయకుంటే, మళ్లీ చేయమనండి.