ఆటిజం ఉన్న ఆడపిల్ల మాటతీరును ఇంట్లో గమనించడం ఎలా?

"పిల్ల గలగలా మాట్లాడుతోంది కదా, ఆటిజం ఏంటి?" ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ మాట ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరా వింటారు, స్కూల్లోనూ వింటారు. ఆటిజం అంటే ఇతరులతో కలవడం, మాట్లాడటం తేడాగా ఉండే ఎదుగుదల స్థితి. ఆ పేరు వినగానే మనకు తట్టే రూపం చాలావరకు మగపిల్లలను చూసి ఏర్పడింది. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం మీద రాసిన తన తొలి వ్యాసంలో వివరించిన 11 మంది పిల్లల్లో 8 మంది మగపిల్లలే. ఆటిజం నలుగురు మగపిల్లలకు ఒక ఆడపిల్ల చొప్పున ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. అనేక అధ్యయనాలను కలిపి 2017లో చేసిన విశ్లేషణలో అది ముగ్గురు మగపిల్లలకు ఒక ఆడపిల్ల దగ్గర తేలింది. అంటే కొంతమంది ఆడపిల్లలు లెక్కలోకే రాలేదు. మాటలు బాగా వచ్చిన పిల్లల విషయంలో ఈ పొరపాటు ఇంకా తేలిగ్గా జరుగుతుంది.

1. రెండు సంభాషణలు రికార్డ్ చేయండి

ఒకటి మీతో, ఒకటి దాదాపు అదే వయసు పిల్లలతో. పదేసి నిమిషాలు చాలు. పాపకు చెప్పే చేయండి, దొంగచాటుగా వద్దు. మనతో మాట్లాడేటప్పుడు మధ్యలో వచ్చే ఖాళీలన్నీ మనమే పూరించేస్తాం. తోటిపిల్లలు అలా ఆగరు, అసలు కష్టం అక్కడే బయటపడుతుంది.

2. ఎంత మాట్లాడిందో కాదు, మాట ఎలా సాగిందో వినండి

"ఇవాళ ఎవరితో ఆడుకున్నావు తల్లీ?"
"మా ఫ్రెండ్స్‌తో."
"ఏం ఆడారు?"
"వాళ్లు స్కిప్పింగ్ ఆడారు."
"మరి నువ్వు?"
"నేను పక్కనే ఉన్నా."

మొదటి జవాబుతో ఆగిపోతే అంతా బాగున్నట్టే. "ఫ్రెండ్స్‌తో" అన్నది కాస్తా రెండో జవాబుకి "వాళ్లు" అయిపోయింది చూడండి. ఆటిజం ఉన్న ఆడపిల్లలు అలాంటి మగపిల్లల కన్నా స్నేహితుల ప్రస్తావన ఎక్కువగా తెస్తారని అమెరికాలో చేసిన పరిశోధనలో కనిపించింది. స్కూలు ఆటస్థలాల్లో చేసిన మరో పరిశీలనలో మగపిల్లలు ఎక్కువగా ఒంటరిగా ఉంటే, ఆడపిల్లలు గుంపుకి దగ్గరగా ఉంటూ ఆటలోకి వస్తూ పోతూ ఉన్నారు. దూరం నుంచి చూసే టీచర్‌కి ఆ పాప అందరితో కలిసి ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే "మరి నువ్వు?" అన్న ప్రశ్న తప్పకుండా అడగండి.

3. ఇష్టమైన విషయం దగ్గర కాసేపు ఆగండి

ఒక బాబు లింగంపల్లి వైపు వెళ్లే ఎంఎంటీఎస్ రైళ్ల టైమింగ్స్ వరుసగా చెప్పుకుపోతుంటే ఎవరికైనా తేడా తెలుస్తుంది. పాప కుక్కపిల్లల గురించో, ఒక కార్టూన్ గురించో అలాగే చెబితే "ఆడపిల్ల కదా" అని వదిలేస్తాం. విషయం ఏదైనా, అవతలివాళ్లు మాట మారిస్తే తనూ మారుతోందా, వాళ్లను తిరిగి ఏమైనా అడుగుతోందా అన్నది చూడండి. అలాగని మగపిల్లలంతా ఒకలా, ఆడపిల్లలంతా ఇంకోలా ఉండరు. మెల్లగా, సర్దుకుపోతూ మాట్లాడే బాబుల కష్టం కూడా ఇలాగే మరుగున పడుతుంది.

4. అరువు మాటలను, అంటే ఇతరులను చూసి అనుకరించే మాటలను గుర్తుపట్టండి

ఫిలడెల్ఫియాలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లల మీద 2017లో ఒక అధ్యయనం వచ్చింది. మాట మధ్యలో తడుముకునేటప్పుడు వాడే "అమ్" అనే శబ్దాన్ని ఆటిజం ఉన్న ఆడపిల్లలు, ఆటిజం లేని పిల్లల్లాగే వాడారు. ఆటిజం ఉన్న మగపిల్లలు తక్కువగా వాడారు. ఇంత చిన్న శబ్దం వల్ల కూడా మాట వినేవాళ్లకు సహజంగా అనిపిస్తుంది. మన ఇంట్లో అయితే, ఎవరేం చెప్పినా ఒకే "అవునా!" వస్తోందా, స్నేహితురాలి మాట అదే యాసతో దిగుతోందా, జోక్ అర్థం కాకపోయినా అందరితో పాటు నవ్వేస్తోందా అని వినండి.

5. స్కూల్ నుంచి వచ్చాక ఏం జరుగుతోందో రాసుకోండి

రోజంతా అలా నెట్టుకొచ్చిన పిల్ల గుమ్మంలోకి రాగానే ఏడవొచ్చు, దుప్పటి కప్పుకుని గంటసేపు పలక్కపోవచ్చు. అది మొండితనం కాదు, అలసట. ఆ సమయంలో ప్రశ్నలు వేయకండి. టైమ్, ఆ రోజు స్కూల్లో ఏముందో రెండు ముక్కలు రాసి పెట్టుకోండి.

6. నోట్స్ తీసుకుని నిపుణుల దగ్గరికి వెళ్లండి

స్పీచ్ థెరపిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్ ఎవరినైనా కలవొచ్చు. ప్రభుత్వం తరఫున డీఈఐసీ అని పిలిచే సత్వర చికిత్సా కేంద్రాలు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉన్నాయి. "సరిగా మాట్లాడదు" అని చెప్పకుండా, రికార్డింగ్‌లో మీకు అనుమానం వచ్చిన చోటు వినిపించండి.

ఈలోగా ఇంట్లో "వాళ్లలా మాట్లాడు" అని తర్ఫీదు ఇవ్వకండి. తను ఇప్పటికే అదే చేస్తోంది. దానికి బదులు "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పవా?" అన్న ఒక్క వాక్యం అలవాటు చేయండి. ముందు మీరే ఆ మాట తనతో రోజూ అంటూ ఉండండి.