గట్టు తగాదా నుంచి గిజిగాడి దాకా: సొంతంగా నీతి కథ రాయడం ఎలా

'సొంతంగా ఒక నీతి కథ రాసుకురా' అని స్కూల్లో హోంవర్క్ ఇస్తారు, పిల్లాడు ఆ ముక్క రాత్రి తొమ్మిదింటికి చెప్తాడు, మనం ఒక నక్కని పట్టుకొచ్చి అది మోసం చేసి చివర్లో బావిలో పడినట్టు రాయించేసి పడుకుంటాం. తప్పేం కాదు గానీ అది సొంత కథ కాదు. అసలు తేడా ఎక్కడొస్తుందంటే 'అత్యాశ పనికిరాదు' అని నీతి ముందే రాసిపెట్టుకుని దానికోసం జంతువుల్ని వెతుకుతాం. అలా కాకుండా ముందు ఒక తగాదా వెతకండి, అదీ మీరు కళ్ళారా చూసింది.

నేను చూసింది చెప్తా. ఇద్దరు అన్నదమ్ములు, పక్కపక్క పొలాలు. ఏటా పెద్దాయన ఇటునుంచి గట్టు ఒక పార చెక్కేవాడు, అది చూసి చిన్నాయన అటునుంచి ఇంకో పార. చివరికి గట్టు మీద మనిషి నడవలేనంత సన్నమైపోయింది, ఓ పెద్ద వానకి తెగి ఇద్దరి నారూ కొట్టుకుపోయింది.

ఇది ఉన్నదున్నట్టు రాస్తే పంచాయితీ అవుతుంది, పైగా వాళ్ళు చదివితే మన ఇంటి మీదకొస్తారు. జంతువులు పనికొచ్చేది ఇక్కడే. పంచతంత్రంలో విష్ణుశర్మకి అప్పజెప్పింది ముగ్గురు రాజకుమారుల్ని, రాజుగారి పిల్లల్ని మొహం మీద తిట్టలేం కదా, ఎద్దు మీదా సింహం మీదా పెట్టి చెప్పుకోవాలి మరి.

జంతువుని ఎంచుకునేటప్పుడు మాత్రం దాని అసలు అలవాటు చూడండి, ఇది చాలామంది వదిలేస్తారు. నేను గిజిగాడిని తీసుకున్నా. వానాకాలంలో మగ పిట్ట తాటాకు, వరి ఆకు సన్నగా చీల్చి ఆ పోచలతో గూడు సగం అల్లుతుంది, ఆడపిట్ట వచ్చి చూసి, దానికి నచ్చితేనే మగపిట్ట మిగతాది పూర్తి చేస్తుంది, నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంటుంది. పక్క గూట్లోంచి పోచలు లాక్కొచ్చే దొంగ బుద్ధి కూడా వీటికి నిజంగానే ఉంది! ఇంక నేను కల్పించాల్సింది చాలా తక్కువ.

కథ ఇలా వచ్చింది. బావి మీదకి వంగిన తాడిచెట్టుకి రెండు గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతున్నాయి. పొలం దాకా ఎవడెళ్తాడులే అని మొదటిది పక్క గూట్లోంచి ఒక పోచ లాగింది. రెండోది చూసి రెండు లాగింది. మర్నాడు మూడు, నాలుగు. ఆడపిట్ట వచ్చి రెండు గూళ్ళూ చూసి 'ఇందులో నీ పోచ ఏది?' అని అడిగింది. ఇద్దరూ నోరెత్తలేదు. అది ఎగిరిపోయింది.

చూశారా, పాత్రలు మూడే, పేర్లు కూడా లేవు, మాట ఒక్కటే. ఆ ఒక్క మాట కోసం నేను రెండు రోజులు తిరిగాను, మొదట ఆడపిట్ట చేత పెద్ద ఉపన్యాసమే ఇప్పించా, తర్వాత మొత్తం కొట్టేశా. తప్పు ఒకటి, రెండు, మూడు అని పెరగడం కూడా ముఖ్యం, ఒక్కసారికే శిక్ష పడితే వినేవాళ్ళకి అయ్యో పాపం అనిపిస్తుంది.

భాష గురించి ఒక్క మాట. చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక గ్రాంథికంలో రాశారు, అప్పటికి అది బానే ఉంది, ఇప్పుడు మీరు 'ఒకానొక కీకారణ్యమందు' అంటే పిల్లాడు అక్కడే లేచిపోతాడు.

రాశాక నీతి లైను చేత్తో మూసేసి ఎవరైనా పిల్లాడికి పైకి చదివి వినిపించండి, నీకేం అర్థమైందిరా అని అడగండి, వాడు చెప్పింది మీ లైను కంటే బాగుంటే సిగ్గుపడకుండా అదే పెట్టుకోండి. మా అక్క కొడుకు నీతి సంగతి ఎత్తనే లేదు, 'ఆడపిట్ట ఏ చెట్టుకెళ్ళింది మావయ్యా?' అన్నాడు. ఇప్పుడు ఆ చెట్టు కోసం ఇంకో రెండు లైన్లు రాస్తున్నా.