మొదటి వార్డు పోస్టింగ్‌కు ముందు: నర్సింగ్ విద్యార్థులకు జాగ్రత్తలు

డెమో రూములో బొమ్మ చెయ్యి కదలదు. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో పేషెంట్ చెయ్యి లాక్కుంటాడు, బంధువులు నలుగురు ఒకేసారి ఏదో అడుగుతుంటారు, సిస్టర్ ఇంకో మంచం దగ్గరికి పిలుస్తుంటారు. పద్ధతి బాగా తెలిసినవాళ్లు కూడా తప్పు చేసేది ఆ తొందరలోనే.

హెపటైటిస్-బి టీకా ముందే వేయించుకోవాలి. 0, 1, 6 నెలలకు మూడు డోసులు కాబట్టి పోస్టింగ్ లిస్టు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. మూడో డోసు తర్వాత నెల, రెండు నెలలకు యాంటీబాడీ పరీక్షలో (టీకా పనిచేసిందో లేదో చెప్పే రక్తపరీక్ష) విలువ 10 mIU/mL లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి.

వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టొద్దు. క్యాప్ పట్టుకున్న వేలికే అది దిగుతుంది. సూదిని కోసేసే హబ్ కట్టర్‌ను ట్రాలీ మీద మంచం దాకా తీసుకెళ్లండి. సూది తెల్ల డబ్బాలోకి, సిరంజి ఎర్ర సంచిలోకి, ఆంప్యూల్ గాజు నీలం డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి పోవాలి. ట్రేలో దూది కింద సూది వదిలేస్తే తర్వాత ట్రే కడిగే ఆయమ్మకు గుచ్చుకుంటుంది.

గుచ్చుకుంటే పిండొద్దు, స్పిరిట్ పొయ్యొద్దు, వేలు నోట్లో పెట్టుకోవద్దు. సబ్బుతో, పారే నీళ్ల కింద కడిగి, వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పండి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే వీలైనంతవరకు 2 గంటల్లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం ఉండదు. కోర్సు 28 రోజులు. తిడతారని రెండు రోజులు దాచేవాళ్లు ఉంటారు. తిట్లు పడితే పడ్డాయి, చెప్పేయండి.

మందు ఇచ్చేముందు "మీరు లక్ష్మేనా?" అని అడగొద్దు. జ్వరంలో ఉన్న మనిషి దేనికైనా తలూపుతుంది. "నీ పేరేందమ్మా?" అని అడిగి ఆమెతోనే చెప్పించి, కేస్‌షీట్ మీద ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరుతో సరిచూడండి. మంచం నంబరును నమ్మొద్దు, మంచాలు మారుతుంటాయి.

ఇన్సులిన్ వయల్ మీద 40 (అంటే ఒక మి.లీ.లో 40 యూనిట్లు) ఉంటే ఎర్ర క్యాప్ సిరంజి, 100 ఉంటే నారింజ రంగుది. 40 వయల్ నుంచి నారింజ సిరంజిలో 20 గీత దాకా తీస్తే వెళ్లేది 8 యూనిట్లే. 100 వయల్‌ను ఎర్ర సిరంజిలో 20 గీతకు తీస్తే ఏకంగా 50 యూనిట్లు పోతాయి. పొటాషియం క్లోరైడ్ నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగుతుంది. సెలైన్ సీసాలో కలిపాక కూడా పలుమార్లు తలకిందులు చేయాలి, లేకపోతే అది అడుగున చేరి ముందుగా దిగుతుంది.

వానాకాలంలో పత్తికి మందు కొట్టే రోజుల్లో పురుగుల మందు కేసులు వస్తాయి. ఆ బట్టలను, వాంతిని ఉత్త చేతులతో ముట్టొద్దు; విషం చర్మం గుండా కూడా ఎక్కుతుంది. నైట్రైల్ గ్లౌజులు వేసుకుని బట్టలు తీసి, కవర్లో కట్టేసి, ఒంటిని, జుట్టును సబ్బుతో కడగాలి. విరుగుడు మందు అట్రోపిన్ నడుస్తుంటే నాడి, చెమట, ఊపిరితిత్తుల శబ్దం చార్టులో రాస్తుండాలి. ఒళ్లు కాలిపోతూ, చెమట ఎండిపోయి, అసంబద్ధంగా మాట్లాడితే డోసు ఎక్కువైందేమోనని డాక్టర్‌కు చెప్పండి.

పేషెంట్ "దమ్మొస్తుంది" అంటే ఆయాసం, "పాణం మంచిగ లేదు" అంటే ఏమైనా కావచ్చు, మళ్లీ అడగండి. కాళ్ల వేళ్లు మూసే బూట్లు వేసుకోండి. డ్యూటీకి తినే వెళ్లండి. డ్రెస్సింగ్ చూస్తూ కళ్లు తిరిగితే స్టెరైల్ ట్రే నుంచి వెనక్కి జరిగి నేల మీద కూర్చోండి. నిలబడే ఓర్చుకుంటే తల పగులుతుంది.